బొబ్బిలి కథయు సిరిమాను సంబరమును

1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన జరిగిన బొబ్బిలి యుద్ధమునుగూర్చి తెలుగున వెలసిన సాహిత్యము ఇంచుమించుగ అంతయు ఒక్క పక్షమునే ఆశ్రయించినది. పెద్దాడ మల్లేశము పేర ప్రచారమునందున్న బొబ్బిలి యుద్ధకథ రంగారావు పౌరుషమును, తాండ్ర పాపారాయని ప్రతీకారమును గానము చేయుచున్నది. పదునెనిమిదవ శతాబ్ది చివర దిట్టకవి నారాయణకవి రచించిన రంగరాయచరిత్రము పేరుతోడనే తన పక్షమును చెప్పుకొన్నది. ఇరువదవ శతాబ్దిలో వేదము వేంకటరాయశాస్త్రిగారు, శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రిగారు ఈ వస్తువును నాటకములుగ మలచిరి. బుఱ్ఱకథకులు ఊరూర చెప్పిరి. 1964లో చలనచిత్రము వచ్చెను. 1986లో పాపారాయని పేరనే మఱియొకటి వచ్చెను. యుద్ధమున గెలిచినవాడు విజయనగర ప్రభువైన పూసపాటి విజయరామరాజు. సాహిత్యమున గెలిచినవారు బొబ్బిలివారు.

ఓడినవారియందు కవులకు జాలి సహజమని చెప్పి ఈ విషయమును త్రోసివేయవచ్చును. కాని విజయనగరము కవులకు కొదువపడిన ఊరు కాదు. ఆనందగజపతి ఆస్థానము, 1892లో కన్యాశుల్కము తొలిసారి ప్రదర్శింపబడిన రంగస్థలము, గురజాడ అప్పారావుగారి చరిత్రపరిశోధన, ఆదిభట్ల నారాయణదాసుగారి హరికథ - ఇవియన్నియు ఆ ఊరి సొత్తు. పైగా విజయనగరపు పక్షమునను విషాదమునకు లోటు లేదు. ఫ్రెంచి సేనాని బుస్సీ అండతో గెలిచిన రాజు, గెలిచిన మూడవ రాత్రియే తన గుడారమున కత్తిపోట్లకు బలియయ్యెను. ఇంతకంటె నాటకోచితమైన పతనము వేఱుగ నేమి కావలెను? అయినను బొబ్బిలి కథతో తులతూగునట్లు జనుల నాలుకపై నిలిచిన విజయనగర కథాగేయము పుట్టలేదు. ఎందుచేత?

నా అభిప్రాయము ఇది. విజయనగరము తన దుఃఖమును పాటగ కట్టుకొనలేదు, ఊరేగింపుగ కట్టుకొన్నది. ఏటేట విజయదశమి వెళ్లిన తరువాతి మంగళవారమున జరుగు పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరమే బొబ్బిలి కథకు జోడుగ నిలుపదగిన రచన. దానిని దేవాదాయ వ్యవహారముగనో వేడుకగనో చూచి విడిచిపెట్టుటవలన సాహిత్యవిమర్శకు ఒక లోపము కలిగినది. ఆచార్య బిరుదురాజు రామరాజుగారి జానపదగేయ సాహిత్యగ్రంథము 1958లో వెలువడిన పిదప పాటలను పోగుచేసి పాఠాంతరములు పరిశీలించు శాస్త్రము మన విశ్వవిద్యాలయములలో స్థిరపడినది. అది ఎంతో మేలు చేసినది. అయితే మాటలున్నచోటనే మనము కథను వెదకుట మరగితిమి. మాటలు తక్కువై, నడక ఎక్కువైన కథనమును చదువుట ఇంకను అలవాటు కావలసియున్నది.

సంబరపు స్వరూపమును తెలియనివారికొఱకు కొంత వివరింపవలెను. విజయనగరమున అమ్మవారికి రెండు గుడులు కలవు. పెద్దచెరువుగట్టు వైపున నున్నది వనంగుడి. మూడు లాంతర్లకడ నడిబొడ్డున నున్నది చదురుగుడి. పండుగకు కొన్నాళ్లముందు అమ్మవారు పూజారికి కలలో కనిపించి, మాను ఎచ్చట నున్నదో చెప్పునని విశ్వాసము. అది చింతమాను. కలలో చెప్పిన గుర్తులనుబట్టి దానిని వెదకి, పసుపు కుంకుమలతో పూజించి, కొట్టి తెత్తురు. చెట్టు ఎవరి దొడ్డిలో దొరకునో వారు దానిని భాగ్యముగ నెంచుకొందురు. హుకుంపేటలో వడ్రంగులు దానిని చెక్కి, ఏబది అరువది అడుగుల సిరిమానుగ తీర్చుదురు. సోమవారమున తోలేళ్ళు. ఆ రాత్రి అమ్మవారి ప్రసాదముగ రైతులకు విత్తనపు గింజలు పంచుట ఆచారము. తోలేళ్ళనగా తొలి ఏరు, అనగా తొలిసారి అరక కట్టుట, అని ఊరివారు వివరింతురు. ఆ వ్యుత్పత్తి ఎంతవరకు చెల్లునో శాబ్దికులు చెప్పవలసినదేకాని, గింజలు పంచు ఆచారమునకును ఆ వివరణమునకును పొత్తు చక్కగ కుదిరినది.

మంగళవారము మధ్యాహ్నము దాటిన పిదప ఊరేగింపు కదలును. బండిపై అమర్చిన మాను చివర, ఆకసమున, ఒక పీఠము. దానిపై పూజారి కూర్చుండును. ఆ కొన్ని గడియలు అతడు పూజారి కాడు, అమ్మవారే. ఆ మానుకు ముందు పాలధార, తెల్లయేనుగు, అంజలిరథము, బెస్తవారి వల నడచును. అంజలిరథముపై ఆడువేసము దాల్చిన మగవారు అక్షతలు చల్లుదురు. బెస్తవారు తమ వలను మోసికొని వత్తురు. జనులు అరటిపండ్లను మానుపైకి విసరుదురు. ఇట్లు చదురుగుడినుండి కోటవఱకు పోయి, మరలి వచ్చి, మరల పోయి, ముమ్మారు తిరుగుటతో ఉత్సవము ముగియును. పూసపాటివారు కోట బురుజుకడ కూర్చుండి అమ్మవారిని దర్శింతురు. తరువాతి దినములలో తెప్పోత్సవము, ఉయ్యాలకంబాల జరుగును గాని, ఊరి ప్రాణమంతయు ఈ మంగళవారముననే.

ఇక కథ. పైడితల్లి విజయరామరాజునకు చెల్లెలు. ఆమె దేవీభక్తురాలు. అన్న బొబ్బిలిపైకి వెళ్లు నాటికి ఆమె మశూచితో బాధపడుచుండెను. అన్నకు కీడు మూడనున్నదని తెలిసి, పతివాడ అప్పలనాయుడను భక్తుని వెంటగొని బయలుదేరెను. త్రోవలో అన్న చనిపోయిన వార్త వినెను, మూర్ఛిల్లెను. తెలివి వచ్చిన పిదప, తాను దేవిలో ఐక్యమగుచున్నాననియు, పెద్దచెరువు పడమటిగట్టున తన ప్రతిమ దొరకుననియు చెప్పి ప్రాణము విడిచెను. బెస్తవారు చెరువునుండి ప్రతిమను పైకి తీసిరి, గుడి వెలసెను, నాటినుండి పతివాడవారు పూజారులు. స్థలభేదమునుబట్టి చిన్న మార్పులున్నను, కథకు ఎముకల గూడు ఇంతే.

ఈ కథను బొబ్బిలి కథప్రక్కన నుంచి చూచినవారికి ఒక పోలిక తటాలున తోచక మానదు. జనశ్రుతిలో తాండ్ర పాపారాయుడు రంగారావు దేవియైన మల్లమ్మకు సోదరుడు. మల్లమ్మ కోటలో మడిసినది. ఆమె సోదరుడు వెలుపల నుండి, ఆలస్యముగ వచ్చి, పగ తీర్చుకొనెను. విజయనగరపు కథలో సోదరుడు వెలుపల, గుడారమున, మడిసెను. సోదరి కోటనుండి వెడలి, ఆలస్యమై, అతనిని చేరజాలకపోయెను. అచ్చట అన్నదమ్ముని పగ, ఇచ్చట ఆడుబిడ్డ శోకము. అచ్చట వార్త అందక చేయి దాటినది; ఇచ్చట హెచ్చరిక అందక చేయి దాటినది. ఒకే అచ్చున పోసి త్రిప్పి పట్టినట్లున్నవి రెండు కథలును. పాపారాయుడు తన తోబుట్టువుకొఱకు చంపినవాడు పైడితల్లికి తోబుట్టువు. ఈ రెండు కథలును ఒకదాని నొకటి ఎఱిగి పెరిగినవే కాని, వేఱువేఱు ఊళ్లలో విడివిడిగ పుట్టినవి కావని నా నిశ్చయము. ఆంగ్ల చరిత్రకారుడు రాబర్టు ఆర్మ్ ఈ యుద్ధమును విపులముగనే వర్ణించెను. అతని దృష్టి కోటమీదను, గుడారముమీదను నిలిచినది. తోబుట్టువుల బంధమును ఈ యుద్ధమునకు నడిమిదూలముగ నెత్తినది జనులే. రెండు పక్షములవారును అదే దూలమును ఎత్తిరి.

ఇచ్చట ఒక ఆక్షేపణము వచ్చును, అది బలమైనది. సిరిమాను సంబరము ఈ యుద్ధమువలన పుట్టినదని ఊరి స్థలపురాణములు చెప్పుచున్నవి గాని, సంబరపు రూపము యుద్ధముకంటె చాల పాతది. పొడవైన దూలమునకు కొన మనుష్యుని నిలిపియో వ్రేలాడదీసియో దేవతముందు త్రిప్పు ఆచారము దక్షిణాపథమంతట నుండినది. దానికి సిడి యని పేరు. పదునాఱవ శతాబ్ది ఆరంభమున విజయనగర సామ్రాజ్యమును వర్ణించిన పోర్చుగీసు రచయిత బార్బోసా, వీపున కొక్కెములు గ్రుచ్చుకొని దూలమున వ్రేలాడు మ్రొక్కును ప్రస్తావించినాడు. బళ్లారిలో కనకదుర్గమ్మకు నేటికిని సిడిబండి తిరుగుచున్నది. పందొమ్మిదవ శతాబ్దిలో ఆంగ్లప్రభుత్వము కొక్కెములను మాన్పించుటకు పూనుకొన్నది. పలుచోట్ల కొక్కెము పోయి, దూలము మిగిలినది. సిరిమానులోని సిరి లక్ష్మియని ఊరి పండితులు చెప్పుదురు. వస్తుసామ్యమును చూచినచో అది సిడిమాను అనుటయే యుక్తము. మంగళవాచకముగ మాట మారియుండును. దేవతావిషయమున జనులు మాటలను మృదువు చేయుట మనకు కొత్త గాదు. అమ్మవారు పోసినదనుటయు ఇట్టిదే కదా.

దీనికి మఱియొక సాక్ష్యము దగ్గఱనే కలదు. మక్కువ మండలములోని శంబరలో పోలమాంబకు సంక్రాంతి వెళ్లిన తరువాత జనవరిలో సిరిమాను తిరుగును. అచ్చట పూసపాటివారి కోట లేదు. విజయరామరాజు చెల్లెలు లేదు. ఉత్తరాంధ్రమున మఱికొన్ని పల్లెలలోను ఇట్టి మాను తిరుగుచునేయున్నది. కాబట్టి మాను ముందు, కథ వెనుక.

అయినచో కథ అతికించినది మాత్రమేనా? కొందఱు పరిశోధకులు ఇంతవఱకు వచ్చి ఆగిపోవుదురు. ఆచారము ప్రాచీనము, కథ అర్వాచీనము, కనుక కథకు విలువ లేదని వారి సిద్ధాంతము. ఇది సాహిత్యవిద్యార్థి చేయదగిన తీర్పు కాదు. భారతకథ నన్నయకంటె పాతదైనంతమాత్రమున నన్నయకు విలువ తగ్గలేదు. పాత పనిముట్టును చేతబట్టి ఒక ఊరు ఏమి చెప్పినదన్నదే ప్రశ్న. అతుకు ఎచ్చట పడినదో, ఎంత నేర్పుతో పడినదో చూడవలెను.

అతుకులు మూడుచోట్ల స్పష్టముగ కనబడుచున్నవి. మొదటిది వల. శోకవార్తతో ముగియవలసిన కథను ముందునకు నడపినవారు బెస్తవారు. ప్రతిమను నీటినుండి తెచ్చినది వారి చేయి. ఊరేగింపున వల నడచుటతో ఆ కులమునకు కథలోని భాగము ఏటేట మరల చేతికి వచ్చును. రెండవది పూజారి. కథలో అప్పలనాయుడు చచ్చిపోవుచున్న ఆమె మాటను వినినవాడు, సాక్షి. సంబరమున ఆ వంశపువాడు ఆమెయే యగును. వినినవాడే పలికినవాడగు ఈ మార్పు కావ్యమునందైనచో ఆలంకారికులు ఎంతో చర్చించియుందురు. మూడవది, నా దృష్టిలో అన్నింటికంటె ముఖ్యమైనది, కోట.

కథలో పైడితల్లి కోట విడిచి అన్నకై పోయినది, తిరిగి రాలేదు. సంబరమున ఆమె గుడినుండి బయలుదేరి కోటకు వచ్చును. ఒకసారి కాదు, మూడుసార్లు. వచ్చి, కోటలోనికి పోదు. బురుజును చూచి మరలిపోవును. కథలో తెగిపోయిన ప్రయాణము ఇచ్చట వెనుకకు మళ్లింపబడినది. ప్రదక్షిణములు మూడగుట సామాన్యాచారమే యని అనవచ్చును. కాని ఇది ప్రదక్షిణము కాదు. ఒకే త్రోవన పోవుట, వచ్చుట. పుట్టింటి గుమ్మమువఱకు వచ్చి నిలిచి పోవు ఆడుబిడ్డ నడక ఇది. మానుపై ఆమె ఎత్తు బురుజు ఎత్తునకు పోటీపడునట్లుండుట చూచితిమా, రాజవంశమువారు ఆమెను క్రిందుచూపున చూచు అవకాశము లేదు. ప్రభువుల ప్రశస్తిగ ఈ సంబరమును వ్యాఖ్యానించువారు ఈ సంగతిని గమనింపలేదు. విజయరామరాజు గెలుపు ఈ ఊరేగింపున ఎచ్చటను లేదు. బుస్సీ లేడు, ఫిరంగి లేదు, బొబ్బిలి కోట లేదు, పాపారాయుడు లేడు. శత్రువు పేరే ఎత్తక యుద్ధస్మృతిని నిలుపుకొన్న రచన ఇది. బొబ్బిలి కథలో విజయరామరాజు లేక కథయే లేదు. ఇచ్చట పాపారాయుడు లేకయే కథ నడచుచున్నది.

పాటకును ఊరేగింపునకును మఱియొక భేదము కలదు. బొబ్బిలి కథ ఏ రాత్రియైనను చెప్పవచ్చును. కథకుడు, తంబుర, వినువారు ఉన్న చాలును. చచ్చినవారి కథ కనుక చివరకు చావుతో ముగియును, వినువారు కన్నీరు తుడిచికొని లేతురు. బొబ్బిలిలో యుద్ధస్మారకముగ ఱాతిస్తంభమును నిలిపిరి. అదియు ముగిసిన కథకు ముగింపు గుర్తే. సిరిమాను ఏటికొక్కసారి, ఒక్క మంగళవారమున మాత్రమే. నిరుటి మాను ఈ యేడు పనికిరాదు. కల క్రొత్తగ రావలెను, చెట్టు క్రొత్తగ దొరకవలెను, వడ్రంగి ఉలి మరల పట్టవలెను. ఒకడు మఱచిన వేఱొకడు గుర్తుచేయవలసినంత పని పలు ఇండ్లకు పంచబడియున్నది. పాఠము చెడిపోవుననెడి భయము పాటకు కలదు. ప్రతుల మధ్య భేదములను మల్లంపల్లి సోమశేఖరశర్మగారివంటి పండితులు సరిచూడవలసివచ్చెను. సంబరమునకు పాఠము లేదు, బాధ్యతలున్నవి. పడమటి సముద్రముకవతలి దేశములలో చిన్న పట్టణములు తమ పండుగ కవాతులను తరతరములు నిలుపుకొనుటకు ఏ కారణమును చెప్పుదురో, మన పెద్దచెరువుగట్టున అదే కారణము కనబడుచున్నది. చూచుటకు వచ్చువారికంటె నడచుటకు కట్టుబడినవారు ముఖ్యులు.

ఈ మాటకు చరిత్రయే రెండు పరీక్షలు పెట్టినది. 1948నాటి ఎస్టేటుల రద్దు చట్టముతో జమీందారీ పోయినది. 1958లో పూసపాటి విజయరామ గజపతిరాజుగారు మాన్సాస్ సంస్థను స్థాపించిరి; 1713లో కట్టిన కోటలో విద్యాలయములు వెలసెను. ప్రభువు లేడు, ప్రభుత్వము లేదు. మాను కోటవఱకు పోవుట మానలేదు. సంబరము ప్రభుభక్తియే యైనచో ఆ ఏటనే కుంటుపడియుండవలసినది. రెండవ పరీక్ష 2020లో వచ్చెను. ఆ యేడు మహమ్మారి కారణమున జనసందోహమును కట్టడి చేసి, అక్టోబరు 27వ తేదీన సంబరమును నడిపిరి. లక్షలమంది చూచు వేడుక చూచువారు లేక జరిగినది. వేడుకగ మాత్రమే దానిని గణించువారికి అది వ్యర్థమైన ఏడు. ఊరి దృష్టిలో పైడితల్లి ఆ ఏటను కోటకు వచ్చి పోయినది. మశూచితో మరణించిన ఆమె మహమ్మారి యేట వీధిలోనికి రాకపోయినచో కథయే చెడియుండెడిది.

ఇట్లనుటచేత ఈ సంబరమున దోషములు లేవని కాదు. ఇటీవల వెలువడు కరపత్రములు, చిన్నపొత్తములు కథను పెంచి, సంబరమును కుదించుచున్నవి. పైడితల్లి రాచకన్నెయనుటపై వానికి మక్కువ; వల మోయువారినిగూర్చియు, మాను చెక్కువారినిగూర్చియు రెండు పంక్తులతో సరిపెట్టుదురు. ఇది బొబ్బిలి కావ్యములను చూచి వాతపెట్టుకొన్న తీరు. నారాయణకవికి నాయకుడు కావలసెను, ప్రబంధలక్షణము ఆయనచేత ఆ పని చేయించినది. ఊరేగింపునకు నాయకుడు అక్కఱలేదు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యంగార్లు 2001లో వెలువరించిన టెక్స్చర్స్ ఆఫ్ టైమ్ గ్రంథమున బొబ్బిలి రచనలను చరిత్రరచనలుగ చదువవచ్చునని నిరూపించిరి. అందలి వాదము నాకు సమ్మతమే. అయితే వారి ఎదుట నున్నవి వ్రాతప్రతులును, గేయములును. అదే యుద్ధమునుగూర్చి వ్రాయబడని రచన ముప్పదిమైళ్లకు కొంచె మెచ్చుతగ్గుగ దక్షిణమున ఏటేట జరుగుచున్నది. దానిని ఆ వరుసలో చేర్చినగాని ఉత్తరాంధ్రము తన యుద్ధమును ఎట్లు తలచుకొన్నదో సంపూర్ణముగ తెలియదు.

ఒక సంగతి మాత్రము చేర్చవలెను. సిరిమాను నాడు విజయనగరమునకు వచ్చు జనులలో బొబ్బిలి ప్రాంతమువారు తక్కువగ నుండరు. వారు పాపారాయని కథ విని పెరిగినవారు. ఆ కథలో కత్తి దిగిన చోట చప్పట్లు కొట్టినవారు. ఆ కత్తికి బలియైనవాని చెల్లెలు మానుపై వచ్చునప్పుడు వారును చేతనున్న అరటిపండు విసరి, చేతులెత్తి మ్రొక్కుదురు. వారిలో ఎవరికిని ఈ రెంటికి విరోధమున్నట్లు తోచదు.